ఇకమీదట 'మన' అనవలెను

గోదావరి నడిమధ్య ఉన్న మా రెల్లులంకకి ఆ సర్క్యులర్ వచ్చిననాడు దాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎస్సెస్సెల్సీ పాసైన పాపానికి లంక కూలీల సహకార సంఘానికి నన్ను గుమాస్తాగా పెట్టారు. నేను దాన్ని తప్పు చదివానని తరవాత తేలింది. అందులో నా తప్పు సగమే. మిగతా సగం రబ్బరు స్టాంపుది. 'లంక భూములందు త్వరితగతిన కిబుత్జ్ నెలకొల్పవలెను' అన్న చోట సరిగ్గా ఆ మాట మీదే స్టాంపు కొట్టారు. సిరా కింద నుంచి ఒక 'బు', ఒక 'జ' మాత్రం కనిపిస్తున్నాయి. ఇసక లంకలో బు, జ ఉన్న పంట ఇంకేముంటుంది? కర్బూజాయే అనుకున్నాం.

ప్రభుత్వం వారు కర్బూజా వెయ్యమన్నారని ముప్పైనాలుగు కుటుంబాలూ సంతోషించాయి. ఇసక మేటలో వరసగా గుంటలు తీసి, పశువుల ఎరువు నింపి, గింజలు నానబోసుకుని కూచున్నాం. తొమ్మిదోరోజున సమష్టి జీవన శాఖ ప్రత్యేకాధికారి చక్రధరరావుగారు పడవ దిగి, హుందాగా నాలుగడుగులు వేసి, అయిదో అడుగు ఎరువు గుంటలో వేశారు. స్కీము ప్రారంభోత్సవం అదే.

లంక మాకు ఊరికే రాలేదు. మావాళ్ళు రెల్లు నరికారు, పాముల్ని తోలారు, రెండు వరదలకి సామాను పోగొట్టుకుని మళ్ళీ వచ్చి పాకలు వేసుకున్నారు. ఇంత చేసినా నూట ఎనభై ఎకరాలకీ అయిదేళ్ళ లీజు తప్ప కాగితం లేదు. ఆ లీజు ఆ ఏడాదితో ఆఖరు. శాఖవారు మెచ్చితే పట్టా, మెచ్చకపోతే పడవ. అందుకే చక్రధరరావుగారు బూటు కడిగించుకుని ఉపన్యాసం మొదలెట్టగానే అందరం నోళ్ళు మూసుకుని విన్నాం.

"సోదర సభ్యులారా! నేను ఇజ్రాయెల్ దేశమునందు పదకొండు దినములు పర్యటించి, అందు తొమ్మిది దినములు అధ్యయనము గావించితిని" అన్నారాయన. తక్కిన రెండు దినాల్లో ఏం గావించారో చెప్పలేదు.

ఆయన చెప్పింది మాత్రం వినడానికి బాగుంది. అరవై ఏళ్ళ కిందట పదిమంది కుర్రాళ్ళూ ఇద్దరమ్మాయిలూ ఒక సరస్సు పక్క చిత్తడినేలలో కాపురం పెట్టి, నీదీ నాదీ లేకుండా కలిసి చేసుకుని కలిసి తిన్నారట. అదే మొదటి కిబుత్జ్. జీతాల్లేవు. చేతనైన పని చెయ్యడం, కావలసింది తీసుకోవడం. అందరికీ ఒకటే భోజనశాల. పిల్లలకి వేరే ఇల్లు. చొక్కాలు కూడా ఉమ్మడి కొట్టులోంచి తెచ్చుకోవడమే. వారానికోసారి అందరూ కూచుని చేతులెత్తి తీర్మానాలు చేసుకుంటారు. అలా తోటలు వేసి, పాడి పెంచి, ఆనక ఫ్యాక్టరీలు కూడా పెట్టారట.

ముందు వరసలో కూచున్న ఏసోబు చెయ్యెత్తాడు. "ఆ సరస్సంటే గలిలయ సముద్రమేనాండి? మా పాస్టరుగారు సెప్తారు. అక్కడ మనుషులు సేపలు పట్టేవోరు కదండి?"

"చేపలు ఈ స్కీములో లేవు" అన్నారు చక్రధరరావుగారు.

వెళ్ళేటప్పుడు ఒక పుస్తకం ఇచ్చి వెళ్ళారు. ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుపక్క శాఖవారి తెలుగు. నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషుతో చదివితే, మొదటి పేజీలోనే ఆ కుర్రాళ్ళు 'స్వచ్ఛందంగా' కలిశారని ఉంది. తెలుగు పేజీలో ఆ మాటకి 'తప్పనిసరిగా' అని ఉంది. అచ్చుతప్పేమోనని రాసి అడిగాను. 'శాఖకు ఆ రెంటికిని భేదము లేదు' అని జవాబు వచ్చింది.

మమ్మల్ని కిబుత్జ్ చెయ్యడానికి భుజంగం అనే పర్యవేక్షకుణ్ణి లంకలో దింపారు. కొత్తగా పెళ్ళయిన మనిషి. భార్యని పుట్టింట్లో వదిలి వచ్చాడు కనక లోకం మీద కోపంగా ఉండేవాడు. ఆయన రాగానే చేసిన మొదటి పని మా బదులుపని ఆపించడం. ఇవాళ నా చేలో నువ్వు, రేపు నీ చేలో నేను, కూలి మాట లేకుండా మేం తాతలనాటి నుంచీ చేసుకుంటున్నాం. "అందులో నీ చేను, నా చేను అనే భావం ఉంది. ఇకనుంచి ఎవరు ఎక్కడ పనిచెయ్యాలో బోర్డు చెబుతుంది" అంటూ గోడకి ఒక నల్లబోర్డు తగిలించాడు.

బోర్డు చెప్పడం మొదలెట్టింది. పని వారానికోసారి మారాలన్నది నియమం. దాంతో పడవ నడిపే శామ్యేలు మంగలి పనిలోకి, గెడ్డాలు గీసే అప్పన్న పడవలోకి మారారు. ఆ వారం లంకలో ఏ గెడ్డం చూసినా నెత్తురే. అప్పన్న పడవ పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి ఎక్కిన రేవులోనే దింపేది. భుజంగం నివేదికలో 'సభ్యులు బహుముఖ ప్రజ్ఞ కనబరచుచున్నారు' అని రాశాడు.

పిల్లల ఇల్లు కూడా కట్టించారు. పిల్లలు అందులోనే పడుకోవాలన్నారు. తల్లులు రాకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. తల్లులు వెళ్ళారు. వాళ్ళ వెనక చాపలు పుచ్చుకుని మొగాళ్ళూ వెళ్ళారు. వారం తిరిగేసరికి ముప్పైనాలుగు పాకలూ ఖాళీ, లంకంతా ఒక్క రేకుల షెడ్డులో ఊపిరాడకుండా ఉంది. 'సమష్టి నివాసము నూటికి నూరు శాతము సాధింపబడినది' అని ఇంకో నివేదిక వెళ్ళింది.

చిక్కు వచ్చింది దీవెనమ్మ గేదె దగ్గర. దీవెనమ్మకి అరవై దాటాయి. మొగుడూ కొడుకూ రెండో వరదలో పోయారు. మిగిలింది ఈ గేదె. అది ఆవిడ చెయ్యి పడితేనో, మాట వింటేనో తప్ప పాలు చేపదు. బోర్డు ప్రకారం పాలు పితికే వంతు ఏసోబుకి వచ్చింది. మొదటిరోజు చెంబు పోయింది. రెండోరోజు ఏసోబు ముందుపన్ను పోయింది. భుజంగం శాఖకి రాస్తే, 'సదరు గేదెకు సమష్టి దృక్పథము లోపించినట్లు తోచుచున్నది. అవగాహనా తరగతులు నిర్వహింపవలెను' అని ఉత్తర్వు వచ్చింది.

నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను. ఆయన మూడు రోజులు గేదె ఎదుట కుర్చీ వేసుకుని పుస్తకం చదివాడు. గేదె నెమరేస్తూ శ్రద్ధగా విన్నది. మూడోరోజు దీవెనమ్మకి జాలేసి, ఆయన కుర్చీ వెనక నిలబడి 'తల్లీ, ఇచ్చెయ్యే' అంది. గేదె చేపింది. తరగతులు ఫలించాయనీ, జిల్లాలోని పశువులన్నిటికీ విస్తరించవచ్చనీ సిఫార్సు వెళ్ళింది.

ఇవన్నీ నవ్వుకుని భరించాం. పట్టా కోసం ముక్కు మూసుకుని పాతిక తీర్మానాలకి చేతులెత్తాం. అసలు సర్క్యులర్ రెండో నెలలో వచ్చింది. ఈసారి స్టాంపు పక్కన పడింది, కనక తప్పు చదవడానికి వీల్లేకపోయింది.

'"నా" అను మాట స్వార్థసూచకము గాన నిషేధింపబడినది. "మా" అనునది అంతకంటె ప్రమాదకరము. పైకి బహువచనము వలె నటించుచు, ఎదుటివానిని గడప అవతల నిలబెట్టును. కావున సభ్యులు ఇకమీదట సర్వ సందర్భములందును "మన" అనవలెను. తప్పినవారు ఉమ్మడి వంటశాలలో ఒక పూట పిండి రుబ్బవలెను.'

వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. మా ఇల్లు అంటే నీది కాదని. మన ఇల్లు అంటే నీకూ వాటా ఉందని. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద సరిహద్దు గోడ ఉందని, రోజూ వాడుతున్నా, నాకు అంతకుముందు తట్టలేదు.

మర్నాడు ఏసోబు పరిగెత్తుకొచ్చాడు. "భుజంగంగారండీ, మన ఆవిడకి జొరమండి!"

భుజంగం లేచి నిలబడ్డాడు. "ఎవరికీ?"

"మన ఆవిడకేనండి. ఒళ్ళు కాలిపోతాంది."

"అదేమిటయ్యా, మా ఆవిడ దగ్గర్నించి నిన్ననేగా ఉత్తరం వచ్చింది! నీకెవరు చెప్పారు?"

"మీ ఆవిడ కాదండి బాబూ. మన ఆవిడ. మన దీనమ్మ. మన పాకలోనే పడుకుని ఉంది."

భుజంగం మొహం ఎర్రగా అయింది. 'మా ఆవిడ' అన్నందుకు ఆయన ఒక పూట రుబ్బాలని నేను సర్క్యులర్ చూపించాను. నిషేధం సభ్యులకే గానీ సిబ్బందికి కాదని ఆయన మరో సర్క్యులర్ చూపించాడు. దీనమ్మకి మాత్ర మటుకు ఇచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు.

పది రోజుల్లో జనానికి అలవాటైపోయింది. మన చొక్కా, మన పన్ను నొప్పి, మన మామగారు చచ్చిపోయారు. నోరు తిరగనిది దీవెనమ్మకే. రోజూ రుబ్బేది. ఒకరోజు భుజంగమే బతిమాలాడు.

"ఒక్కసారి 'మన గేదె' అనవమ్మా. నీ సొమ్మేం పోయింది?"

"మన అంటే ఎవురండి?"

"అందరూ. నువ్వూ, నేనూ."

"మీరేనాడన్నా దానికి కుడితి పెట్టేరా? పేడ తీసేరా? ఎదురుగుండా నిలబడ్డోళ్ళందరూ మన అయిపోతారేటండి? ఒద్దులెండి బాబూ, పొత్రం ఎక్కడుందో సెప్పండి, రుబ్బుతాను."

పుష్యమాసంలో తనిఖీ వచ్చింది. చక్రధరరావుగారు, ఆయనతో నలుగురు శాఖాధికారులు, ఒక ఫోటోగ్రాఫరు. పట్టా ఈ తనిఖీ మీదే ఆధారపడి ఉంది. భుజంగం వారంరోజులు తర్ఫీదిచ్చాడు. మేం ఇసకలో బారులు తీరాం. ఆ పూట ఎందుకైనా మంచిదని దీవెనమ్మని రుబ్బురోలు దగ్గరే ఉంచేశారు.

చక్రధరరావుగారు గొంతు సవరించుకున్నారు. "ఈ పాకలెవరివి?"

"మనవి!"

"ఈ పశువులెవరివి?"

"మనవి!"

ఆయన చెయ్యి చాచి లంకంతా చూపించారు. "ఈ నూట ఎనభై ఎకరముల భూమి ఎవరిది?"

"మనది!" అని ముప్పైనాలుగు కుటుంబాలూ గొంతు పగిలేలా అరిచాయి. అవతలి గట్టున కొంగలు లేచిపోయాయి. ఆయన కళ్ళు చెమర్చాయి. నాకూ చెమర్చాయి, దాచడమెందుకు. పట్టా వచ్చేసినట్టే అనుకున్నాను. ఆ కేకని మినిట్స్ పుస్తకంలో ఏకగ్రీవ తీర్మానంగా నా చేత్తో నేనే రాశాను. వెధవ బుద్ధి.

మూడు వారాలకి ఉత్తర్వు వచ్చింది. 'లంక భూమి "మనది" అని సభ్యులు ఏకగ్రీవముగా ప్రకటించియున్నారు. వ్యాకరణ పండితుల అభిప్రాయము ప్రకారము "మన" యందు వినువాడును చేరును. వినినవారు శాఖాధికారులు. సభ్యులును అధికారులును మనవారే యగుటచే, సదరు భూమియందు నూట ఇరువది ఎకరములు శాఖవారి అధ్యయన, విశ్రాంతి గృహములకు, ఈత కొలనునకు కేటాయింపబడినవి. సభ్యులు మాసాంతమునకు ఖాళీ చేయవలెను. మిగులు భూమి మన అందరిది.'

మిగులు భూమి అంటే వరదకి ములిగే అంచు.

భుజంగాన్ని అడిగితే తలొంచుకున్నాడు. "నేను గేదెకి పాఠాలు చెప్పమంటే చెప్పానయ్యా, దీని సంగతి నాకు తెలియదు" అన్నాడు. అది నిజమే అనుకుంటాను.

ఆ వారం సభలో ఎవరూ చెయ్యెత్తలేదు. ఏసోబు ఏడ్చాడు. శామ్యేలు పడవ తారు పూసి సిద్ధం చేస్తానన్నాడు. దీవెనమ్మ మటుకు నన్ను ఉత్తర్వు మళ్ళీ చదవమంది. చదివాను.

"ఆరూ మనోళ్ళే అని రాసేరా?"

"రాశారు పిన్నీ. 'మనవారే యగుటచే' అని."

"అయితే ఆరి ఇల్లు కూడా మనదే గదా. ఇక్కడ కాళీ సేసి అక్కడికి పోదాం. మేడంట. ఒరదొచ్చినా ములగదు."

నవ్వుతుందేమోనని ఆవిడ మొహం చూశాను. నవ్వడం లేదు.

ఆదివారం పొద్దున్న రెండు పడవలూ ఒక లారీ ఎక్కి ముప్పైనాలుగు కుటుంబాలం జిల్లా కేంద్రంలో చక్రధరరావుగారి మేడ ముందు దిగాం. చాపలు, కుండలు, బోర్డు, మినిట్స్ పుస్తకం అన్నీ తెచ్చుకున్నాం. బోర్డుని గేటుకి వేలాడదీశాం. బోర్డు మీద ఆ వారం పనులు నేనే రాశాను: ఏసోబు, కారు తుడవడం. శామ్యేలు, పూలమొక్కలకి నీళ్ళు. చక్రధరరావు, అంట్లు.

అయ్యగారు బనీను మీద బయటికొచ్చారు. "ఏమిటిది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"సాధారణ సభకండి" అన్నాను. "నియమావళి ప్రకారం ప్రతి ఆదివారం సభ్యులంతా మన ఆవరణలో సమావేశం కావాలి. లంకలో మన ఆవరణ శాఖవారు తీసుకున్నారు కాబట్టి, మిగిలిన మన ఆవరణ ఇదేనండి."

"ఇది నా ఇల్లయ్యా!"

"మొన్ననే నిషేధించారు కదండి ఆ మాట" అన్నాడు ఏసోబు, పన్ను లేని నోటితో వినయంగా.

ఆడవాళ్ళప్పటికే వసారాలో చాపలు పరిచేశారు. దీనమ్మ వంటిల్లు ఎటువైపని అడుగుతోంది. నేను పుస్తకం తెరిచి తేదీ, హాజరు రాసుకున్నాను. చక్రధరరావుగారు పోలీసుల్ని పిలుస్తానన్నారు. పిలిస్తే మనవారే యగుటచే అన్న ఉత్తర్వు వాళ్ళకీ చూపిస్తామన్నాను. కింద సంతకం ఎవరిదో ఆయనకి గుర్తుంది. పిలవలేదు.

ఎండ బాగా ఎక్కింది. పొద్దుటి నుంచీ లారీలో నిలబడి వచ్చిన దీవెనమ్మ మెట్టు మీద కూలబడింది. లోపల్నించి తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. చక్రధరరావుగారి తల్లి. చూడ్డానికి జాలిగుండె గల మనిషిలానే ఉంది.

"అమ్మా, దాహమేస్తాంది. కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అంది దీవెనమ్మ.

పెద్దావిడ గ్లాసు కోసం లోపలికి తిరగబోయి, ఆగి, కొడుకు వైపు చూసి మెల్లిగా అడిగింది.

"ఒరే, మనవాళ్ళేనా?"

తెలుగునాట ఆ ప్రశ్నకి ఒకటే అర్థం. కులం పేరెత్తకుండా కులం అడగడం. చక్రధరరావుగారికి సర్క్యులర్లు గుర్తు రాలేదు, ఇజ్రాయెలూ గుర్తు రాలేదు. అమ్మ అడిగితే చిన్నప్పటి నుంచీ ఎలా చెబుతున్నారో అలాగే చెప్పేశారు.

"ఛ ఛ. మనవాళ్ళు కాదమ్మా. నువ్వు లోపలికి వెళ్ళు."

ఆవిడ లోపలికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

దీనమ్మ చాప మడిచేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. గుమాస్తా ఉద్యోగంలో ఒళ్ళు మండితే చెయ్యగలిగింది ఒకటే. రాశాను. రాసి, లేచి నిలబడి, గట్టిగా చదివాను.

"తీర్మానం నలభై మూడు. సభ్యులు మనవాళ్ళు కాదని ప్రత్యేకాధికారిగారు స్వయముగా, ముప్పైనాలుగు కుటుంబాల సమక్షములో, ప్రకటించియున్నారు. కావున సభ్యులు లంక భూమిని 'మనది' అన్నప్పుడు అందులో అధికారులు చేరరని తేలినది. నియమావళి పదకొండో నిబంధన ప్రకారం ఈ నకలు మూడు రోజుల్లో కలెక్టరుగారికి పంపబడును."

పదకొండో నిబంధన ఆయన రాసిందే. చక్రధరరావుగారు నన్ను చూశారు, పుస్తకాన్ని చూశారు, గుమ్మం వైపు చూశారు.

"అమ్మ పెద్దదయ్యా. పాతకాలపు మనిషి. దాన్ని రికార్డులో పెడతావా?"

"ఆవిడ అడిగింది పెట్టలేదండి. తమరు చెప్పిందే పెట్టాను. కాదంటే కొట్టేస్తాను. మనవాళ్ళమే అని తమరొక్క మాట అనండి, లోపలికొచ్చి అందరం భోజనానికి కూచుంటాం."

ఆయన నుదురు తుడుచుకున్నారు. ఆ మాట అనడానికి రెండుసార్లు నోరు తెరిచారు కూడా. రాలేదు. చివరికి లోపల్నించి లెటర్ హెడ్డు, ఆకుపచ్చ సిరా పెన్ను తెచ్చుకుని, వసారా గోడ మీదే పెట్టి రాశారు. 'వెనుకటి ఉత్తర్వు రద్దు. "మన" యందు శాఖ చేరదు. రెల్లులంక భూమి సభ్యులది. పట్టాకు సిఫార్సు చేయడమైనది.' సంతకం చేసి నా చేతికిచ్చి, మేం బయటికి రాగానే గేటు వేసుకున్నారు.

లారీలో జనం చప్పట్లు కొట్టుకున్నారు, పాట పాడుకున్నారు. ఏసోబు ఆ కాగితాన్ని ముప్పైనాలుగు ఇళ్ళవాళ్ళకీ చూపించాడు, తలకిందులుగా. కాలవ వంతెన దగ్గర దీవెనమ్మ లారీ ఆపించింది. నేను తోడు దిగాను. ఆవిడ గట్టు దిగి, రెండు దోసిళ్ళు తాగి, మొహం కడుక్కుని, అక్కడే కూచుంది.

"పిన్నీ, పద. పట్టా వచ్చినట్టే కదా, ఇంకా ఏమిటి?" అన్నాను.

"ఒచ్చిందిలేరా. నూట ఎనభై ఎకరాలు రాసిచ్చేరు. గలాసుడు మంచినీళ్ళే ఇయ్యలేకపోయేరు."